ఇంటింటా సెల్‌ఫోన్ ఉంది, ఇంగ్లీషులో అయిదు వాక్యాలు రాసేవారేరీ?

రాయికల్ (జగిత్యాల జిల్లా), మా విలేఖరి:

మన జిల్లాలో ఇప్పుడు సెల్‌ఫోన్ లేని ఇల్లు వెతికితే తప్ప కనిపించదు. గల్ఫ్‌కు పోయినవారి ఇళ్లలోనైతే రెండేసి కూడా ఉన్నాయి. సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది. ప్రైవేటు బడుల పసుపుపచ్చ బస్సులు ఊరూరా తిరుగుతున్నాయి. ఇన్ని ఉన్నా, పదో తరగతి పాసైన యువకుణ్ణి ఇంగ్లీషులో అయిదు వాక్యాలు సొంతంగా రాసివ్వమంటే కలం పట్టుకుని దిక్కులు చూసే పరిస్థితి పల్లెల్లో మారలేదు. చేతిలో ఉన్న ఫోను ఈ విషయంలో అక్కరకు వస్తుందా, లేక ఉన్న కాస్త రాతను కూడా పోగొడుతుందా అన్నది తల్లిదండ్రులు తేల్చుకోవలసిన సమయం వచ్చింది.

ఇది మార్కుల ముచ్చట మాత్రమే అనుకుంటే పొరపాటు. కోరుట్ల, మెట్‌పల్లి, రాయికల్, మల్లాపూర్ ప్రాంతాల నుంచి దుబాయ్, సౌదీ, ఖతర్, కువైట్‌లకు పోయి బతుకుతున్నవారి సంగతి అందరికీ తెలిసిందే. అక్కడ జీతం ఆగినా, పాస్‌పోర్టు కంపెనీ దగ్గర చిక్కుకున్నా, అకామా గడువు తీరి ‘ఖల్లివల్లి’ బతుకైనా, ఎంబసీకి మొర పెట్టుకోక తప్పదు. ఇందుకోసం విదేశాంగ శాఖ 2015లో ‘మదద్’ అనే ఏర్పాటు చేసింది. ఫోనులోనే ఫిర్యాదు నమోదు చేసుకోవచ్చు. కానీ నమోదు చేయాలంటే రాయాలి. మనవాళ్లు ఎక్కువగా చేస్తున్నదేమిటంటే, బాధంతా వాట్సాప్‌లో నోటిమాటగా రికార్డు చేసి ఇంటికి పంపడం. ఇంట్లోవారు ఆ మాటలు విని, ఊళ్లో ఎవరైనా ఇంగ్లీషు వచ్చినవారు ఉన్నారా అని తిరగడం. తెలుగులో చెప్పుకుంటే వినేవారు కొన్నిచోట్ల ఉన్నా, కాగితం నడిచేది చివరకు ఇంగ్లీషులోనే.

పదో తరగతి సర్టిఫికెట్‌కు గల్ఫ్ దారిలో ఒక విలువ ఉంది. పది పాసైనవారికి సాధారణంగా ఇమిగ్రేషన్ క్లియరెన్సు అక్కరలేని పాస్‌పోర్టు ఇస్తారు. పది పాసైనవాడు తన సంగతి తాను చూసుకోగలడు, కాగితం చదివి సంతకం పెట్టగలడు అన్నది ప్రభుత్వం నమ్మకం కావచ్చు. ఆ నమ్మకం ఎంతవరకు నిజమో మన పల్లెల్లో ఎవరిని అడిగినా చెబుతారు.

ఫోనులో రాస్తున్నదేమిటి?

పిల్లలు ఫోనులో రాయడం లేదని ఎవరూ అనలేరు. పొద్దున లేచింది మొదలు రాస్తూనే ఉన్నారు. అయితే రాస్తున్నది ఏ భాష? తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలతో కొడుతున్నారు. ‘ఏం చేస్తున్నవ్, తిన్నవా’ అన్నది ఏబీసీడీల్లో పోతుంది. దీనివల్ల వేళ్లకు ఇంగ్లీషు అక్షరాలు అలవాటవుతున్నాయే గాని, ఇంగ్లీషు వాక్యం ఒక్కటీ అలవాటు కావడం లేదు. పైగా తెలుగు ఒత్తులు, దీర్ఘాలు కూడా మరిచిపోతున్నారు. పాతకాలపు ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాల హద్దు ఉండేది గనుక మాటలు కుదించి రాశారంటే అర్థముంది. ఇప్పుడా హద్దు లేదు. అయినా ‘యు’ అన్న మాటకు మూడక్షరాలు రాయవలసినచోట ఒక్కటే రాయడం, పరీక్ష పేపరులోనూ అదే రావడం పరిపాటి అయింది.

దేశంలో పల్లెటూళ్ల చదువులపై ప్రథమ్ సంస్థ జరిపే అసర్ సర్వే లెక్కలు ఈ సందర్భంలో చూడదగినవి. 2024 సర్వే ప్రకారం 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మంది స్మార్ట్‌ఫోన్ వాడగలరు. సర్వేకు ముందు వారంలో దాన్ని చదువు పనికి వాడామన్నవారు 57 శాతం కాగా, ఫేస్‌బుక్, వాట్సాప్ వంటి వాటికి వాడామన్నవారు 76 శాతం. అంతకు ముందు 2023లో 28 జిల్లాల్లో 14 నుంచి 18 ఏళ్లవారిని పరీక్షించగా, ఇంగ్లీషు వాక్యాలు చదవగలిగినవారు 57 శాతం మాత్రమే తేలారు. ఇది చదవడం సంగతి. రాయడం దానికంటే కష్టమని వేరే చెప్పనక్కరలేదు.

ఆ 2023 సర్వేలోనే ఇంకొక లెక్క ఉంది. ఫోను వాడగలమన్న మగపిల్లల్లో సొంత ఫోను ఉన్నవారు 43.7 శాతం కాగా, ఆడపిల్లల్లో 19.8 శాతమే. మన జిల్లాలో తండ్రి గల్ఫ్‌లో ఉంటే ఫోను తల్లి దగ్గర ఉంటుంది. ఆమె పగలంతా బీడీల చాట ముందు పెట్టుకుని కూర్చుంటే ఫోను పక్కన మూలకు పడి ఉంటుంది. అలాంటి ఇంట్లో ఆడపిల్లకు అరగంట ఫోను దొరకడం నిజానికి కష్టం కాదు. ‘ఆడపిల్లకు ఫోనెందుకు’ అన్న మాట అడ్డు వస్తోంది. అన్నకు లేని షరతు చెల్లెకు పెడుతున్నారు.

మీడియం మారింది, రాత మారలేదు

తెలంగాణ ప్రభుత్వం 2022-23 విద్యా సంవత్సరం నుంచి ఒకటి మొదలు ఎనిమిదో తరగతి వరకు సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టింది. ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు ఇచ్చారు. ఇది మంచి ఆలోచనే. అటు ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకు, పంతుళ్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచే కార్యక్రమం మొదలుపెట్టారు. వాటిలో పెట్టిన సరుకు ముఖ్యంగా చూసే పాఠాలు, సరైన జవాబును వేలితో ఎంచుకునే ప్రశ్నలు. చూడటం, ఎంచుకోవడం వల్ల రాత రాదు. సైకిలు తొక్కేవాణ్ణి చూసినంత మాత్రాన సైకిలు వస్తుందా?

బడిలో ఇంగ్లీషు రాత ఎలా సాగుతోందో చెప్పాలంటే లీవు లెటరు ఒక్కటి చాలు. ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ అన్న వాక్యం తాత చదివాడు, తండ్రి చదివాడు, ఇప్పుడు మనవడు చదువుతున్నాడు. జ్వరమొస్తే సరే. అక్క పెళ్లికి పోవాలన్నా, పసుపు తవ్వడానికి చేనుకు పోవాలన్నా కొందరు జ్వరమనే రాస్తారు, వేరే వాక్యం రాదు గనుక. గైడులో ఉన్న వ్యాసం, ఉత్తరం బట్టీ పట్టి పరీక్షలో దించి వచ్చినవారికి మార్కులు వస్తున్నాయి. ప్రశ్న కాస్త తిప్పి అడిగితే కలం ఆగిపోతోంది. ఇందుకు పంతుళ్లనే తప్పు పట్టడం సరికాదు. ముప్పై నలభై నోటుబుక్కుల్లో ప్రతి వాక్యం దిద్దాలంటే ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. రాత రావాలంటే మాత్రం ఎవరో ఒకరు తప్పు చూపించాలి, పిల్లవాడు దాన్ని మళ్లీ రాయాలి. వేరే దగ్గరి దారి లేదు.

మన పిల్లలు చేసే తప్పులు వింతవేమీ కావు. అవి తెలుగు నడక నుంచి వచ్చినవి. మన వాక్యంలో పని చివరకు వస్తుంది, ఇంగ్లీషులో నడుమకు వస్తుంది. మనం ‘బడికి, బావిలో, ఊరి నుంచి’ అని మాట వెనుక అతికిస్తాం, వారు ముందు పెడతారు. ‘ఏ, యాన్, ది’ అన్నవి మనకు లేనే లేవు. ‘మా నాన్న ఐదేళ్లుగా దుబాయ్‌లో పనిచేస్తున్నాడు’ అన్నది మన జిల్లాలో ఎందరో పిల్లలు రాయవలసిన వాక్యం. ‘మై ఫాదర్ ఈజ్ వర్కింగ్ ఇన్ దుబాయ్ సిన్స్ ఫైవ్ ఇయర్స్’ అని రాస్తారు. ‘హ్యాజ్ బీన్ వర్కింగ్ ఇన్ దుబాయ్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అన్నది సరైన రూపం. ఇటువంటి తప్పును ఫోను ఇప్పుడు చూపించగలదు. ఎందుకు తప్పో తెలుగులో అడిగితే తెలుగులో చెప్పగలదు కూడా. పదేళ్ల కిందట ఈ వసతి పట్నంలో ట్యూషను ఫీజు కట్టగలిగినవారికి తప్ప లేదు.

సాయం ఎంత, చేటు ఎంత?

ఫోను చేసే పనులను విడివిడిగా చూడవలసి ఉంది. స్పెల్లింగు తప్పు పడితే మాట కింద ఎర్ర గీత వస్తుంది. ఇది మంచిదే. కానీ ‘దేర్’ అని పలికే మాటకు ‘అక్కడ’ అన్న అర్థంలో ఒక స్పెల్లింగు, ‘వారి’ అన్న అర్థంలో ఇంకొక స్పెల్లింగు ఉన్నాయి. ఒకటి రాయవలసినచోట ఇంకొకటి రాస్తే, రెండూ ఉన్న మాటలే గనుక, గీత పడకపోవచ్చు. కీబోర్డు పైన మూడు మాటలు వరుసగా చూపిస్తుంది. కొందరు పిల్లలు నడుమ ఉన్న మాటను నొక్కుకుంటూ పోతారు. అలా తయారైన వాక్యం చూడటానికి బాగుంటుంది, అది పిల్లవాడు చెప్పదలచుకున్నది కాకపోవచ్చు.

తెలుగు రాస్తే ఇంగ్లీషు చేసిపెట్టే గూగుల్ అనువాదం మన భాషకు 2011 నుంచి ఉంది. అప్పటికంటే ఇప్పుడు చాలా మెరుగుపడింది. అయితే దానితో ఒక చిక్కు ఉంది. తెలుగులో ఎవరు చేశారో చెప్పకుండానే వాక్యం నడుస్తుంది. ‘జీతం అడిగితే కొట్టారు, పాస్‌పోర్టు గుంజుకున్నారు’ అంటే మనకు తెలిసిపోతుంది. ఇంగ్లీషులో కొట్టింది ఎవరో చాలాసార్లు చెప్పవలసి వస్తుంది. సూపర్‌వైజరా, యజమానా, తోటి కూలీయా? మనం చెప్పకపోతే యంత్రం తనకు తోచింది పెడుతుంది. ‘పాస్‌పోర్టు కంపెనీకి ఇచ్చాను’ అనడానికీ, ‘కంపెనీ గుంజుకుంది’ అనడానికీ ఫిర్యాదులో ఎంత తేడా ఉందో ఆలోచించండి. మన పల్లె పలుకుబడి సంగతి మరీ. ‘పానం బాగలేదు’ అంటే ఒంట్లో బాగాలేదని మనకు తెలుసు. యంత్రం దాన్ని ఎటు తీసుకుపోతుందో నమ్మకం లేదు. వచ్చిన ఇంగ్లీషును చదివి సరిచూసుకోగలిగినవారికే ఆ అనువాదం ఉపయోగం. అంటే మొదట కాస్త ఇంగ్లీషు రావాలి.

ఇక 2022 నవంబరు చివర చాట్ జీపీటీ వచ్చింది. 2024 జూన్ నుంచి మన దేశంలో వాట్సాప్‌లోనే నీలం రంగు గుండ్రని గుర్తుతో అటువంటిది ఒకటి పెట్టారు. వేరుగా దింపుకోనక్కరలేదు. ‘లీవు లెటరు రాయి’ అంటే నిమిషంలో రాసిస్తుంది. ‘మై విలేజ్’ వ్యాసం రాయమంటే, మా ఊళ్లో లేని నదినీ కొండనూ కూడా చేర్చి చక్కని ఇంగ్లీషులో రాసిస్తుంది. పిల్లవాడు దాన్ని నోటుబుక్కులో ఎక్కిస్తాడు. పంతులు టిక్కు కొడతాడు. నోటుబుక్కు నిండింది గాని పిల్లవాడు రాసింది ఏమీ లేదు. గైడు బట్టీ పట్టినవాడికి కనీసం నాలుగు వాక్యాలు నోట్లో మిగిలేవి. దీనికి అదీ లేదు. పరీక్ష హాలులోకి ఫోను రానివ్వరన్నది మార్చి నెలలో గుర్తుకు వస్తుంది.

అదే యంత్రాన్ని వేరే రకంగా అడిగితే వేరే పని చేస్తుంది. ముందు పిల్లవాడు అయిదారు వాక్యాలు తెల్ల కాగితం మీద తానే రాయాలి. ఆ రోజు బర్రె ఈనింది, బావి మోటరు కాలింది, నాన్న ఫోను చేశాడు, ఏదైనా సరే. తెలిసిన సంగతి అయితే వాక్యం తొందరగా దొరుకుతుంది. తరువాత దాన్ని ఫోనులోకి కొట్టి, ‘నువ్వు తిరిగి రాయొద్దు, తప్పులు మాత్రం చూపించు, ఎందుకు తప్పో తెలుగులో చెప్పు’ అని అడగాలి. చూపిన తప్పులను కాగితం మీద తన చేత్తో దిద్దుకోవాలి. మూడు నాలుగు రోజులు గడిచాక అదే సంగతి చూడకుండా మళ్లీ రాయాలి. ఈ చివరి పని చేయకపోతే ముందు చేసిందంతా నీటిపాలే. యంత్రం కూడా అప్పుడప్పుడు తప్పు చెబుతుంది గనుక అనుమానం వచ్చినదాన్ని గీత గీసి పెట్టుకుని పంతులును అడగాలి. ఇంట్లోవారి పాస్‌పోర్టు నంబరు, బ్యాంకు ఖాతా నంబరు మాత్రం అందులో కొట్టవద్దు.

రీచార్జి ఖర్చు గురించి కొందరు తల్లులు బెదురుతున్నారు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవక అయినా, 2024 జూలైలో పెద్ద ప్రైవేటు కంపెనీలు ధరలు పెంచిన మాట నిజం. అయితే వంద మాటల ఇంగ్లీషు పేరాకు ఒక కిలోబైటు కూడా పట్టదు. ఒక నిమిషం వీడియోకు దానికి కొన్ని వేల రెట్లు పడుతుంది. ఫోనుతో చేసే పనుల్లో రాయడం ఒకటే దాదాపు ఉచితం. డేటా అయిపోతోందంటే పిల్లవాడు రాస్తున్నాడని కాదు, రీల్సు చూస్తున్నాడని లెక్క.

కరోనా నాటి అలవాటు

కరోనా కాలంలో బడులు మూసినప్పుడు 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో పాఠాలు చెప్పారు. టీవీ పాఠాల వల్ల ఎంత వచ్చిందో పిల్లలకే తెలియాలి. కానీ ఆ రోజుల్లో ఒక మంచి అలవాటు ఏర్పడింది. పిల్లలు నోటుబుక్కులో రాసి, ఆ పేజీని ఫొటో తీసి, తరగతి వాట్సాప్ గ్రూపుకు పంపేవారు. కొందరు పంతుళ్లు ఆ ఫొటో మీదనే ఎర్ర గీతలు గీసి తిరిగి పంపేవారు. పిల్లవాడు రాసింది చేతి రాత, దిద్దింది మనిషి, నడుమ ఫోను టపా మోసింది. నాకు తెలిసినంతలో, ఇంగ్లీషు రాతకు సంబంధించి మన పల్లెల్లో ఫోను చేసిన ఒకే ఒక్క సరైన పని ఇది. బడులు తెరిచాక ఆ గ్రూపుల్లో పండుగ శుభాకాంక్షలు, సెలవు కబుర్లు, సర్క్యులర్లు మిగిలాయి.

దాన్ని మళ్లీ మొదలుపెట్టడానికి పైసా ఖర్చు లేదు. ప్రతి పిల్లవాడూ ప్రతిరోజూ పంపనక్కరలేదు. తరగతిలో ముప్పై మంది ఉంటే రోజుకు అయిదుగురి చొప్పున వారానికి ఒక్కొక్కరి పేజీ ఒకటి వస్తుంది. అయిదు పేజీలు దిద్దడం పంతులుకు భారం కాదు. మిగతా రోజులు ఫోనులోని యంత్రంతో దిద్దుకున్నా, వారానికి ఒకసారి మనిషి కన్ను పడుతుంది. బడికి ఫోను తేవడానికి వీల్లేదన్న నిబంధనకూ దీనితో భంగం రాదు, పని సాయంత్రం ఇంటి దగ్గర జరుగుతుంది గనుక. ఒకరి పేజీలో పంతులు దిద్దిన తప్పు గ్రూపులో మిగతావారూ చూస్తారు. అయితే ఆడపిల్లల నంబర్లు గ్రూపులో అందరికీ కనబడకుండా తల్లి నంబరు పెట్టడం, లేదా పేజీని పంతులుకు వేరుగా పంపించడం మేలు.

పంతుళ్లు బోధనేతర పనులతో సతమతమవుతున్నామని అంటున్నారు. ఈ మాటలో నిజముంది. సర్వేలని, ఆన్‌లైన్ హాజరని ఫోనులో వారు కొట్టే వివరాలకు అంతు లేదు. అందులో సగం తగ్గించినా రోజుకు అయిదు పేజీలు దిద్దడానికి సమయం చిక్కుతుంది. ఈ సంగతి జిల్లా విద్యాశాఖ అధికారులు ఆలోచించవలసి ఉంది.

గల్ఫ్‌కు పోదలచిన యువకుల విషయంలో బడి మీద ఆధారపడటానికి లేదు, వారు బడి దాటిపోయారు. అయితే వారికి కావలసిన ఇంగ్లీషు ఎంతో కాదు. నా పేరు ఇది, పాస్‌పోర్టు నంబరు ఇది, ఫలానా కంపెనీలో ఫలానా నెల నుంచి పనిచేస్తున్నాను, ఫలానా నెల నుంచి కంపెనీ నాకు జీతం ఇవ్వలేదు, నా పాస్‌పోర్టును ఫలానా వ్యక్తి తీసుకున్నాడు, నన్ను ఇంటికి పంపే ఏర్పాటు చేయండి. ఇంతే. పేర్లు, నంబర్లు ఖాళీగా వదిలి, విమానం ఎక్కేముందు నెల రోజులు ఈ ఆరు వాక్యాలను పైన చెప్పిన పద్ధతిలో రాసి దిద్దుకుంటే, అక్కడ అర్ధరాత్రి క్యాంపు గదిలో ఒంటరిగా కూర్చున్నా తన గోడు తాను రాసుకోగలడు. నెల పేరు మార్చుకోగలడు, మనిషి పేరు మార్చుకోగలడు. వీసాకు లక్షలు అప్పు చేస్తున్నవారు దీనికి రోజుకు అరగంట కేటాయించలేరా?

సర్కారు బడుల్లో 2024లో ఏర్పాటు చేసిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు ఊరి మహిళా సంఘాల సమాఖ్య అధ్యక్షురాళ్లే పెద్దలు. మరుగుదొడ్లు, కరెంటు, నీళ్ల పనులు ఈ కమిటీల చేతుల మీదుగా నడిచాయి. ఇంట్లో ఫోను ఉన్నదీ ఎక్కువగా ఈ తల్లుల చేతిలోనే. సాయంత్రం ఏడు నుంచి ఏడున్నర వరకు ఫోను ఆడపిల్లకూ మగపిల్లవాడికీ రాత కోసం ఇవ్వాలని, వారానికి ఒక పేజీ గ్రూపులో దిద్దించాలని కమిటీ సమావేశంలో తీర్మానం చేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. వేసవి సెలవుల తరువాత బడులు జూన్ 12న తెరవడం ఆనవాయితీ. ఆ మొదటి వారంలోనే ఈ సంగతి సమావేశంలో పెట్టాలని, పంతుళ్లను కూడా పిలిచి మాట్లాడాలని పలువురు తల్లిదండ్రులు కోరుతున్నారు.